పసుపు గీత మొదలు ఆదిమ తరంగము దాక

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయము తొమ్మిది గంటల వేళ చంద్రుని నీడ దక్కను పీఠభూమిని దాటి, వనపర్తి మీదుగా, గుంటూరు మీదుగా, బందరు రేవు మీదుగా సాగి బంగాళాఖాతమున దిగిపోయినపుడు, నెల్లూరికి ఆగ్నేయమున, కండలేరు ఉప్పుటేరై సముద్రమును చేరు చోటికి చేరువనున్న ముత్తుకూరు ఆ నీడదారికి దక్షిణముగా తొలగియుండెను. కావున గ్రహణవేళ పట్టుస్నానమునకును విడుపుస్నానమునకును సముద్రమునకు నడచు ఆచారముగల ఈ తీరవాసులకు ఆనాడు లభించినది పాక్షిక గ్రహణమే. సంపూర్ణ గ్రహణము పట్టిన గుంటూరు ఇచ్చటికి ఉత్తరమున సుమారు 225 కిలోమీటర్ల దూరమున నున్నది. ఆ దూరము స్వల్పమే. కాని ఆనాడు ఆ పట్టణమున జరిగిన పనికిని, విశ్వము పుట్టిన తొలిక్షణమును గూర్చి నేడు శాస్త్రజ్ఞులు చేయుచున్న విచారమునకును నడుమ సాగిన దారి మిక్కిలి దీర్ఘమైనది. ఆ దారి లోకమెల్ల తిరిగి మరల ఈ నెల్లూరు తీరమునకే, ముత్తుకూరునకు దక్షిణమున సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్న శ్రీహరికోటకే వచ్చుచున్నది. మన తెలుగు నేల ఆ కథలో ఎంత పాలు పంచుకొన్నదో చెప్పుకొనుట మనకు అలవాటు లేకపోయినది గనుక, ఇచ్చట కొంత విస్తరించి చెప్పవలసి యున్నది.

ఆ గ్రహణమున సూర్యబింబము గుంటూరులో అయిదు నిమిషములకు పైగా పూర్తిగా మరుగుపడెను. అంతటి దీర్ఘగ్రహణములు అరుదు. అప్పటికి తొమ్మిదేండ్ల క్రితమే జర్మనీ దేశమున కిర్చాఫ్, బున్సెన్ అను విద్వాంసులు, కాంతిని పట్టకముచే విడదీసి అందలి గీతలనుబట్టి ఆ కాంతిని వెలువరించు పదార్థమేదో నిర్ణయించు విద్యను స్థాపించియుండిరి. కాని గ్రహణవేళ సూర్యుని అంచున ఎఱ్ఱగా లేచి కనిపించు జ్వాలలపై ఆ విద్యను ప్రయోగించు అవకాశము అంతవరకెవ్వరికిని కలుగలేదు. అందుచేత బ్రిటిషు ప్రభుత్వము పంపగా మేజర్ టెనెంట్ తన బృందముతో గుంటూరు చేరెను. ఫ్రెంచి ప్రభుత్వము పంపగా పియేర్ జాన్సెన్ సముద్రమార్గమున మద్రాసునకును, అచ్చటినుండి బందరునకును, అచ్చటినుండి గుంటూరునకును వచ్చి, ఆ పట్టణమున కాపురమున్న ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట తన పరికరములను నిలిపెను. మద్రాసు నక్షత్రశాలాధిపతి నార్మన్ పాగ్సన్ బందరులో నిలిచెను. ఆయన మొదటి సహాయకుడు చింతామణి రఘునాథాచార్యులు మరియొక బృందమును వెంటబెట్టుకొని వనపర్తికి పోయెను. అంతకు ముందటేడే రెటిక్యులము రాశిలో ఒక చంచలతారను కనుగొనిన ఈ రఘునాథాచార్యుల పేరు నేటి మన పాఠ్యగ్రంథములలో కానరాకపోవుట నాకు బాధాకరముగా నున్నది.

జ్వాలల కాంతి వర్ణపటదర్శినిలో మెఱయు గీతలుగా విడిపోవుటతో అవి ఘనపదార్థములు కావనియు, జ్వలించు వాయువులనియు, వానిలో ముఖ్యమైనది హైడ్రోజననియు ఆ కొద్ది నిమిషములలోనే తేలిపోయెను. తక్కినవారు పరికరములు సర్దుకొను తలంపులో నుండగా, ఆ గీతల ప్రకాశము చూచిన జాన్సెనునకు, ఇంత తేజస్సు గల గీతలు గ్రహణము లేని వేళను కూడ ఏల కనబడరాదను భావము పుట్టెను. మరునాటి ఉదయము సూర్యుడుదయించిన వెంటనే ఆయన తన దర్శినిని సూర్యబింబపు అంచునకు గురిపెట్టి, సూర్యుడు నిండు వెలుగుతో ప్రకాశించుచుండగనే ఆ జ్వాలల గీతలను చూచెను. పిమ్మట రెండు వారములకు పైగా గుంటూరులోనే నిలిచి ప్రతిదినమును వానిని పరిశీలించెను. గ్రహణమునకై ఏండ్ల తరబడి కనిపెట్టుకొనియుండి, కొద్ది నిమిషములు చూచి తృప్తిపడవలసిన అవస్థ ఆ ఉదయముతో తీరిపోయెను. జాన్సెన్ లేఖయు, అదే ఉపాయమును లండనులో స్వతంత్రముగా కనుగొనిన నార్మన్ లాకియర్ లేఖయు 1868 అక్టోబరు 26న ఒకే దినమున పారిసు విద్వత్పరిషత్తునకు చేరినవి. ఆ యిరువురి ముఖములను చెక్కి ఫ్రెంచివారు ఒక పతకము వేయించిరి.

ఆ గీతలలో ఒకటి పసుపువన్నెది. సోడియము లవణమును మంటలో వేసినపుడు పుట్టు జంట గీతలకు మిక్కిలి చేరువగా నుండుటచే, ఆనాటి పరిశీలకులలో పలువురు దానిని సోడియము గీతయనియే తలచిరి. బందరులో చూచిన పాగ్సన్ మాత్రము అది సోడియము చోటననో, దానికి సమీపముననో యున్నదని జాగ్రత్తగా వ్రాసెను. లాకియర్ మరింత సూక్ష్మముగా కొలిచి, అది సోడియము గీతకు తొలగియున్నదనియు, భూమిపై ఎరిగిన ఏ మూలకమునకును చెందదనియు నిశ్చయించెను. సూర్యుని పేరిట హీలియమని పిలువబడిన ఆ మూలకమును 1895లో విలియం రామ్సే ఒక యురేనియము ఖనిజమునుండి వెలికితీసి భూమిపై చూపువరకు, ఇరువదియేడేండ్లపాటు దానిని నమ్మినవారు కొందరు, నమ్మనివారు పలువురు. ఇచ్చట ఒక్క సంగతి మనస్సున నుంచుకొనవలెను: క్రొత్తది కంటబడినపుడు దానిని ఎరిగినదానిగా పొరబడుట సులభము, ఆ పొరపాటును తీర్చినది మరింత సన్నని కొలత.

మన ప్రాంతమున ఇట్టి పనికి పూర్వాపరములు లేకపోలేదు. విశాఖపట్టణమున గోడె వెంకట జగ్గారావు 1840లో తన సొంత ధనముతో నక్షత్రశాలను నెలకొల్పగా, అంకితం వెంకట నరసింగరావు దానిని నడపెను. హైదరాబాదున నవాబు జఫర్ జంగు 1901లో ప్రారంభించి, కొద్దియేండ్లకు నిజాం ప్రభుత్వ పరమైన నిజామియా నక్షత్రశాల, లోకమందలి పలు నక్షత్రశాలలు పంచుకొని చేసిన మహా ఆకాశపటములో తన వంతు వచ్చిన భాగమును ఛాయాచిత్రముల మూలమున కొలిచి, లక్షల నక్షత్రముల స్థానములను ముద్రించెను. ఇవి ప్రత్యేక వ్యాసములకు తగిన విషయములు. మన కథ హీలియమును అనుసరించి సాగవలసియున్నది.

ఏలయన, సూర్యునియందే కాక విశ్వమంతటను హీలియము ద్రవ్యరాశిలో సుమారు నాలుగవ వంతుగా నున్నదని ఇరువదవ శతాబ్ది మధ్యమునకు తేలినది. నక్షత్రములు తమ గర్భములందు హైడ్రోజనును హీలియముగా మార్చుట నిజమే కాని, అవి యుగయుగములు శ్రమించినను అంత హీలియమును పుట్టింపజాలవు. కనుక విశ్వమంతయు ఒకప్పుడు అణుకేంద్రకములు కరగి కలియునంతటి తాపముతో నుండియుండవలెననియు, తొలి కొద్ది నిమిషములలోనే ఈ హీలియము చాలవరకు పుట్టియుండవలెననియు సిద్ధాంతము బలపడెను. ఆ తాపము చల్లారి మిగిలిన కాంతిని 1964-65లో అమెరికాయందు ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ తమ రేడియో శృంగమున, ఏ దిశకు త్రిప్పినను మానని రొదగా పట్టుకొనిరి. 1380 కోట్ల సంవత్సరముల విశ్వచరిత్రలో, విశ్వము పుట్టిన 3,80,000 సంవత్సరములకు వెలువడి, నేడు 2.725 కెల్విన్ల శీతలత్వమునకు దిగిన ఆ విశ్వ నేపథ్య వికిరణమే విశ్వము తొలినాటి రూపమునకు మనకు దక్కిన అతి ప్రాచీన సాక్ష్యము.

ఆ సాక్ష్యము ఒక చిక్కును వెంటతెచ్చెను. ఆకాశమున ఎదురెదురు దిక్కులనుండి వచ్చు ఆ వికిరణపు తాపము లక్షలో ఒక వంతు తేడాతో సమానముగా నున్నది. కాని సామాన్య విస్తరణము ననుసరించి లెక్కించినచో, ఆ కాంతి బయలుదేరు నాటికి ఆకాశమున ఏ రెండు డిగ్రీలకో మించి ఎడమైన ప్రదేశములు ఒకదానితో నొకటి సంబంధము పెట్టుకొనుటకు, వేడిమిని పంచుకొని సమమగుటకు కాలము చాలియుండదు. ఎన్నడును కలియని వారందరి మాట ఒక్కటియైనచో ఏదో ఒకనాడు వారు ఒకచోటనుండిరని ఊహింపక తప్పదు. మాస్కోలో అలెక్సీ స్టారోబిన్‌స్కీ 1979-80లోను, అమెరికాలో అలన్ గూత్ 1981లో ప్రకటించిన వ్యాసములోను, వేరువేరు త్రోవల నడచి ఇంచుమించు ఒకే తలంపునకు వచ్చిరి: సెకనులో ఊహకందనంత స్వల్పభాగమున, ఆకాశము ఒకటి తరువాత ఇరువదియారు సున్నలు పెట్టినన్ని రెట్లకు తక్కువగాక పెరిగిపోయినది, మనకిప్పుడు కనబడు విశ్వమంతయు అంతకు పూర్వము పరమాణువుకంటె కూడ అతిసూక్ష్మమై, అంతట సమతాపముతో నుండినది. దీనినే ఇన్‌ఫ్లేషన్ అందురు.

గూత్ చెప్పిన రూపమున ఈ మహావిస్తరణము మొదలగుట సుకరమే కాని ముగియుట దుష్కరమై యుండెను. ముగియు తావులు నీటిలో బుడగలవలె చెదరి విశ్వమును విషమముగా చేయునని ఆయనయే ఒప్పుకొనెను. 1982లో ఆంద్రే లిండే ఒకవైపును, ఆండ్రియాస్ ఆల్‌బ్రెక్ట్, పాల్ స్టైన్‌హార్ట్ మరియొకవైపును దానికి పరిహారము చెప్పిరి. అదియే స్లో-రోల్ అను మందగతి విధానము. ముత్తుకూరు వద్ద ఉప్పుటేటి గట్టున, పల్లపు బురదమీదుగా పడవను నీటిలోనికి దింపు బెస్తవారిని చూచినవారికి దాని స్వభావము సులభముగా బోధపడును: వాలు కొంచెమే, బురద పట్టు మెండు, కనుక పడవ జారుచునే యుండును కాని వేగము పుంజుకొనదు, వాలు లాగునంతయు బురద ఆపుచుండుటచే ఒకే తీరున మెల్లమెల్లగా దిగివచ్చి, తుదకు నీటిని తాకి, ఇటునటు ఊగి, తన ఊపును అలలకిచ్చి నిలుచును. ఆదిమ విశ్వమంతట వ్యాపించియుండిన ఒక శక్తిక్షేత్రము ఇట్లే తన వాలున దిగినది; అచ్చట బురదవలె పట్టి ఆపినది ఆకాశముయొక్క విస్తరణమే. క్షేత్రము మెల్లగా దిగినంతకాలము దాని శక్తి ఇంచుమించు తరుగకుండుటచే ఆకాశము ఉవ్వెత్తున పెరిగెను. క్షేత్రము అడుగునకు చేరి ఊగినపుడు దాని శక్తియంతయు వేడిమిగాను కణములుగాను మారి, హీలియమును పుట్టించిన ఆ తప్తవిశ్వము మొదలయ్యెను.

ఈ సిద్ధాంతమునకు గౌరవము తెచ్చినది చిక్కు విడదీయుట మాత్రమే కాదు. క్వాంటం నియమముల ననుసరించి ఏ క్షేత్రమును నిశ్చలముగా నుండజాలదు. అందలి అతిసూక్ష్మ కంపములను మహావిస్తరణము సాగదీసి, గెలాక్సీలు పేరుకొనుటకు బీజములుగా చేసినదని, 1981లో ముఖానోవ్, చిబిసోవ్ అను సోవియట్ శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. క్షేత్రపు గతి మందమే కాని శూన్యము కాదు గనుక, ఆ కంపముల బలము అన్ని పరిమాణములందును సరిసమానముగా నుండక, చిన్నవానియందు ఇసుమంత తగ్గవలెను. ఈ తగ్గుదలను తెలుపునదియు, బలము సమానమైనచో 1 కావలసినదియునగు సంఖ్యను ఐరోపావారి ప్లాంక్ ఉపగ్రహము 0.965గా కొలిచి, 2018లో ప్రకటించిన ఫలితములలో ఇచ్చినది. ఇంచుమించు నలుబది సంవత్సరములకు ముందు కాగితముపై వేసిన లెక్క ఆకాశమున ఇంత సన్నగా నిజమగుట విజ్ఞానచరిత్రలో అరుదు.

కంపించినది ఆ క్షేత్రమొక్కటియే కాదు, ఆకాశముకూడ. గురుత్వ తరంగములనగా స్థలమే సాగుచు కుంచించుకొనుచు ప్రసరించు అలలు. విస్తరణము అట్టి అలలను పెంపుచేయునని గ్రిష్చుక్ 1974లోను, ఇన్‌ఫ్లేషన్ కాలమున అవి ఎట్టి బలముతో పుట్టునో స్టారోబిన్‌స్కీ 1979లోను చూపిరి. గెలాక్సీలకు బీజములైన ఆ సాంద్రతా కంపములతో పోల్చినపుడు ఈ ఆదిమ తరంగముల బలమెంతయో తెలుపు నిష్పత్తిని r అను అక్షరముచే సూచింతురు. ఆ ఒక్క సంఖ్య తెలిసిన నాడు ఇన్‌ఫ్లేషన్ ఎంతటి శక్తిస్థాయిలో జరిగినదో తెలియును; r నూరింట ఒక వంతుగా నున్నచో ఆ శక్తి, నేడు మానవుడు నిర్మించిన అతిపెద్ద కణవేగవర్ధకము చేరుకొను శక్తికి సుమారు లక్షకోట్ల రెట్లగును.

2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో యంత్రములు కృష్ణబిలముల సంగమమున పుట్టిన గురుత్వ తరంగమును తొలిసారి పట్టినవి. అట్టి యంత్రమే మహారాష్ట్రమున హింగోలి జిల్లా ఔంఢా నాగనాథమున, అనగా 1956 వరకు హైదరాబాదు రాజ్యమున నుండిన నేలపై, రానున్నది. 2023లో పల్సారుల స్పందనకాలములను కొలిచి మరింత దీర్ఘతరంగముల జాడలను ప్రకటించిన భారతీయ బృందమున హైదరాబాదు ఐఐటీవారును పాలుపంచుకొనిరి. అయినను ఆదిమ తరంగములలో మనకు ఎక్కువ ఆశ గొల్పునవి వీనికందవు. వాని నిడివి విశ్వమంతటిది. అవి 3,80,000 సంవత్సరముల నాటి కాంతిపై వేసిన ముద్ర నొక్కటే వెదుకవలెను. ఆ కాంతి ధ్రువణదిశలు, అనగా కాంతితరంగములు కంపించు దిశలు, ఆకాశపటముపై సుడివలె మెలిదిరిగిన అమరికనొకదానిని చూపవలెననియు, సాంద్రతా కంపములు మొదట అట్టి మెలిని పుట్టింపజాలవనియు 1996-97లో కమియన్‌కౌస్కీ, కొసోవ్‌స్కీ, స్టెబిన్స్ ఒకజట్టుగను, సెల్యాక్, జల్దారియాగా మరియొక జట్టుగను నిరూపించిరి. దీనికే బి-మోడ్ అని పేరు.

2014 మార్చి 17న, దక్షిణధ్రువపు పొడిగాలిలో నిలిపిన బైసెప్-2 దూరదర్శినివారు ఆ మెలిని కనుగొంటిమనియు r విలువ 0.20 అనియు ప్రకటించినపుడు ప్రపంచమున కలిగిన సంభ్రమము ఇంతంత కాదు. వారి కొలతలో దోషము లేదు. ఆకాశమున ఆ మెలి నిజముగనే యున్నది. కాని వారు ఆకాశమును 150 గిగాహెర్ట్‌జుల ఒక్క పౌనఃపున్యముననే చూచిరి. మన పాలపుంతలో చుక్కల నడుమ తేలు ధూళికణములు అయస్కాంత క్షేత్రమున వరుసదీరి, అట్టి ధ్రువణమునే వెలువరించును. ధూళి ప్రకాశించు 353 గిగాహెర్ట్‌జుల వద్ద ప్లాంక్ ఉపగ్రహము కొలిచి చూపిన పటము, బైసెప్ చూచిన ఆకాశభాగము తలచినంత నిర్మలము కాదని ఆ సెప్టెంబరున తేల్చెను. 2015 జనవరి తుదకు ఇరువర్గములవారును తమ కొలతలను కలిపి లెక్కించి, r 0.12 కంటె తక్కువయనియే కాని అది యున్నదని చెప్పుటకు వీలులేదని ప్రకటించిరి. గుంటూరు గ్రహణమున క్రొత్త మూలకము సోడియముగా తలపబడినది. ఇచ్చట ఇంటి ముంగిటి ధూళి విశ్వారంభపు తరంగముగా తలపబడినది. ఒకచో దూరపుది ఎరిగినదిగా కనబడెను, మరియొకచో ఎరిగినది దూరపుదిగా కనబడెను. రెంటను తీర్పు చెప్పినది ఒక్క విద్యయే: కాంతిని రంగులుగా విడదీసి, ఏ రంగు ఎచ్చటినుండి వచ్చినదో ఓర్పుతో వేరుచేయుట. బైసెప్ వారు తమ ప్రకటనను తమ చేతులతోనే సవరించుకొని, అదే స్థలమున మరిన్ని పౌనఃపున్యములతో పనిని కొనసాగించుటను నేను ఆ తొలి ప్రకటనకంటె గొప్ప కార్యముగా ఎంచుచున్నాను.

ఆ పని వ్యర్థము కాలేదు. 2021లో వారు r 0.036 కంటె తక్కువయని చూపిరి. దీనితో సరళములై, పాఠ్యగ్రంథములందు మొదట చెప్పబడుచుండిన విధానములు కొన్ని కూలిపోయినవి. క్షేత్రశక్తి దాని విలువ వర్గమునుబట్టి పెరుగునను లిండే 1983 నాటి సులభరూపము 0.13 వఱకు r ఉండవలెనని చెప్పుచుండెను గనుక దానికి చోటులేకుండపోయినది. అన్నిటికంటె ముందు పుట్టిన స్టారోబిన్‌స్కీ విధానము మాత్రము 0.003 అని చెప్పుచు, ఇంకను నిలిచియున్నది. ఆ సంఖ్యను తాకగల పరికరము రానున్న కాలపు పని.

ఇక శ్రీహరికోట. కాకినాడ మొదలు తమిళదేశము వరకు తీరము వెంబడి సాగు బకింగ్‌హాం కాలువ, కృష్ణపట్నము మీదుగా ముత్తుకూరు తీరమును దాటి, పులికాటు సరస్సున ఆ దీవిని ఒరసికొని పోవుచున్నది. 2022 వరకు ఈ దీవియు ముత్తుకూరును ఒకే నెల్లూరు జిల్లాలోనివి. తరతరములుగా అచ్చటి అడవిని, ఉప్పునీటిని నమ్ముకొని బ్రతికిన యానాదులు, రాకెట్ కేంద్రము వచ్చినపుడు తమ నివాసములను విడువవలసి వచ్చినది. ఈ తీరపు అంతరిక్షచరిత్రను వ్రాయువారు ఆ మాట మొదట వ్రాసి, పిదప తక్కినవి వ్రాయుట న్యాయము. 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్టుతో మొదలైన ఆ కేంద్రమునుండి 2015లో ఆస్ట్రోశాట్, 2023 సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ ఎగసినవి. ఆదిత్యలోని ప్రధాన పరికరము సూర్యబింబమును తానే మరుగుపరచి, గ్రహణముతో పనిలేకుండ సూర్యుని కిరీటమును నిత్యము చూచునది. జాన్సెన్ గుంటూరులో గ్రహణము మరునాటి ఉదయమున జ్వాలల విషయమున సాధించినదియు ఇట్టిదియే. ఎక్స్‌పోశాట్ ఎక్స్-కిరణముల ధ్రువణమును కొలుచుచున్నది. ఆదిమ తరంగములకు వలయు కొలతకు ఇది భిన్నమైనను, కాంతి ధ్రువణమును అంతరిక్షమునుండి చదువు విద్యలో మనవారు అడుగుపెట్టిరి.

2018లో భారతీయ విశ్వశాస్త్రజ్ఞులు కొందరు కలిసి సీఎంబీ-భారత్ అను పేర ఇస్రోకు ఒక ప్రతిపాదన సమర్పించిరి. విశ్వ నేపథ్య వికిరణపు ధ్రువణమును అనేక పౌనఃపున్యములందు ఒక్కసారిగా కొలిచి, ధూళిని దాని రంగుచేతనే పట్టి తొలగించి, r ను వెయ్యింట ఒక వంతు వరకు వెదకుట దాని ఉద్దేశము. జపానువారి లైట్‌బర్డ్ ఉపగ్రహమునకును ఇదియే గమ్యము. 0.003 వద్ద గుర్తు కనబడినచో స్టారోబిన్‌స్కీ విధానమునకు బలము చేకూరును; 0.001కి దిగువకు పోయినను ఏమియు కనబడనిచో, క్షేత్రము దీర్ఘముగా దిగివచ్చినదని చెప్పు పెద్ద తరగతియంతయు తొలగిపోయి, మందగతికి వేరు రూపములను వెదకవలసి వచ్చును. రెండు ఫలితములును విలువగలవే. అట్టి ఉపగ్రహము భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యునికి పెడగా నున్న రెండవ లగ్రాంజి బిందువున నిలువవలెను. సూర్యుని వైపున అంతే దూరముననున్న మొదటి లగ్రాంజి బిందువునకు ఆదిత్య శ్రీహరికోటనుండియే పోయి నిలిచినది గనుక ఆ ప్రయాణము మనకు క్రొత్త కాదు. క్రొత్తయైనది, కష్టమైనది మరియొకటి: 2.725 కెల్విన్ల కాంతిలో కోటికొక పాలుకంటె సన్నని మెలిని పట్టుటకు, గ్రాహకములను కెల్వినులో పదవ వంతునకు చల్లార్చి ఏండ్ల తరబడి అట్లే నిలుపు శీతలీకరణవిద్య. నెల్లూరు తీరమునుండి రాకెట్టు లేచుటకు ముందు ఆ విద్య మన ప్రయోగశాలలలో స్థిరపడవలెను. దానికి వలయు ధనమును, విద్యార్థులను ఇప్పటినుండియే సమకూర్చుట ఆరంభింపవలెను.